కేస్ స్టడీ: రికార్డులో లేని మూడు గోలీలు

పేషెంట్ 68 ఏళ్ల ఆవిడ, కరీంనగర్ వైపు. విజిటర్ వీసా మీద నార్త్ కరొలైనాలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. ఇంటి ముందు మెట్ల మీద జారిపడితే కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేసి ఆపరేషన్ చేసి మర్నాడే ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన రెండో రాత్రి ఊపిరి దాదాపు ఆగిపోయిన స్థితిలో అంబులెన్సులో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కారణం ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ జాతి నొప్పి మందు, ఓవర్‌డోస్. నేను ఇక్కడ క్లినికల్ ఫార్మసిస్టుని, చేరిన పేషెంట్లు ఏ మందులు వాడుతున్నారో వివరాలు రాబట్టడం నా పనిలో ముఖ్యమైన భాగం. ఆపరేషన్ జరిగింది వేరే చోట. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఓవర్‌డోస్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది సిరంజీలు, పార్టీలు, చెడిపోయిన కుర్రాళ్లు. ఈ కేసులో ఎవరూ దొంగచాటుగా ఏమీ తీసుకోలేదు. ఆవిడ మింగిన ప్రతి గోలీ ఏదో ఒక డాక్టర్ రాసిందే. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో, అమ్మానాన్నలు సూట్‌కేసులో ఆరు నెలల మందులతో దిగే ఇళ్లలో, ఇలాంటి రాత్రి ఇంకొకటి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రాత్రి ఏం జరిగింది

డిశ్చార్జ్ అప్పుడు రాసిచ్చింది ఆక్సికోడోన్ 5 మిల్లీగ్రాములు, అసిటమినోఫెన్ 325 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర. నొప్పి ఉంటేనే ఆరు గంటలకొకటి, ఐదు రోజులకి. అసిటమినోఫెన్ అంటే మన పారాసెటమాలే. డోసు పెద్దదేమీ కాదు. రోజుకి నాలుగు వేసుకున్నా 20 మిల్లీగ్రాముల ఆక్సికోడోన్, ఓపియాయిడ్లన్నిటినీ పోల్చడానికి వాడే మార్ఫిన్ లెక్కలోకి మారిస్తే 30.

ఆ రోజు మధ్యాహ్నం నొప్పికి ఆవిడ తన సంచిలోంచి అల్ట్రాసెట్ ఒకటి తీసి వేసుకున్నారు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో అప్పుడప్పుడు వాడేదే కాబట్టి కూతురికి చెప్పాలని కూడా అనిపించలేదు. అందులో ట్రమడాల్ ఉంటుంది, అదీ ఓపియాయిడే. రాత్రి తొమ్మిదికి కూతురు ఆక్సికోడోన్ మాత్ర ఇచ్చింది. తర్వాత ఆవిడ రోజూ పడుకునే ముందు వేసుకునే రెండూ వేసుకున్నారు. ఒకటి నిద్రకి అల్ప్రజోలం 0.5, ఇంకోటి షుగర్ వల్ల అరికాళ్లు మండుతుంటే రాసిన ప్రీగాబాలిన్ 75, మిథైల్‌కోబాలమిన్ కలిసిన క్యాప్సూల్. పదకొండున్నరకి నొప్పి తగ్గలేదని లేచి, కూతురి నిద్ర చెడగొట్టడం ఎందుకని సీసాలోంచి ఇంకో ఆక్సికోడోన్ తనే తీసుకుని వేసుకున్నారు.

రెండు దాటాక అల్లుడు నీళ్ల కోసం లేస్తే గదిలోంచి గురక వినబడింది. ఆవిడకి గురక మామూలే, కానీ ఈ గురక వేరుగా ఉంది, గొంతులో నీళ్లు అడ్డంపడ్డట్టు గరగర, మధ్యలో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. లైటు వేసి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు, భుజం పట్టి కుదిపినా కళ్లు తెరవలేదు.

వాళ్లు వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేయలేదు. ముందు హైదరాబాద్‌లో ఉన్న డాక్టర్ బంధువుకి వాట్సాప్ కాల్ చేశారు, అక్కడ పగలు కదా అని. ఆయన వీడియోలో చూసి, నాతో మాట్లాడుతూ కూర్చోవద్దు, ముందు అంబులెన్స్ పిలవండి అని గట్టిగా చెప్పాక పిలిచారు. ఎందుకు ఆగారని తర్వాత నెమ్మదిగా అడిగితే అల్లుడు దాచకుండా చెప్పాడు. విజిటర్ ఇన్సూరెన్స్ అంబులెన్స్ బిల్లు కడుతుందో లేదో తెలియదు, పోలీసులు కూడా వస్తారేమో, అది వీసాకి ఏమైనా చుట్టుకుంటుందేమో అన్న టెన్షన్. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. పరాయి దేశంలో అర్ధరాత్రి అందరికీ వచ్చే భయమే అది. కానీ ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌లో ముందు ఆగేది ఊపిరి, గుండె తర్వాత. మెదడుకి ఆక్సిజన్ అందకపోతే కొన్ని నిమిషాల్లోనే జరగరాని నష్టం మొదలవుతుంది. ఆ నిమిషాలే వాట్సాప్‌లో పోయాయి.

అంబులెన్స్ వచ్చేసరికి ఊపిరి నిమిషానికి ఆరు, ఆక్సిజన్ 76 శాతం, కంటిపాపలు సూదిమొనంత. ముందు బ్యాగ్‌తో ఊపిరి అందించి, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ స్ప్రే ముక్కులో 4 మిల్లీగ్రాములు కొట్టారు. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి పన్నెండుకి వచ్చింది, కానీ ఆవిడ పూర్తిగా మేలుకోలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఎమర్జెన్సీలో ఉండగా గంట దాటాక ఊపిరి మళ్లీ మందగించింది, ఇంకో డోసు ఇవ్వాల్సి వచ్చింది. నలోక్సోన్ పనిచేసేది సుమారు 30 నుంచి 90 నిమిషాలు, ఆక్సికోడోన్ అంతకంటే చాలాసేపు ఒంట్లో ఉంటుంది. ఇంట్లో స్ప్రే కొట్టి మనిషి లేచి కూర్చున్నా సరే 911 పిలవాల్సిందే అని మేము మొత్తుకునేది ఇందుకే.

మందుల సంచి

మర్నాడు ఉదయానికి ఆవిడ మాట్లాడుతున్నారు. సిస్టమ్‌లో ఆవిడ మందుల జాబితా తెరిస్తే రెండే ఉన్నాయి, బీపీకి టెల్మిసార్టన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్. ఆపరేషన్ ముందు నర్సు ఇంగ్లిష్‌లో అడిగింది, కూతురు జవాబు చెప్పింది, కూతురికి తెలిసినవి ఆ రెండే. అల్ప్రజోలం సంగతి కూతురికి నిజంగానే తెలియదు. నాన్న పోయాక ఊళ్లో డాక్టర్ రాశాడట, నాలుగేళ్లుగా ఆవిడ రాత్రిపూట వేసుకుంటున్నారు, పిల్లలు కంగారు పడతారని చెప్పలేదు.

నేను కూడా మొదట 'ఇంకేమన్నా మందులు వాడుతున్నారా అమ్మా' అని అడిగితే 'లేదు బిడ్డా, బీపీకి, షుగర్‌కి అంతే' అన్నారు. ఇలా అడిగితే ఇదే జవాబు వస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. జబ్బు పేరు పెట్టి కాకుండా పొద్దు పట్టుకుని అడగాలి. పొద్దున లేవగానే ఏం వేసుకుంటారు, తిన్నాక ఏం వేసుకుంటారు, పడుకునే ముందు ఏంటి, నొప్పి వస్తే ఏది తీస్తారు, కడుపులో మంటగా ఉంటే ఏది. అలా రాత్రి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ 'నిద్రగోలి వేసుకుంట గదా' అన్నారు, అందరికీ తెలిసిన సంగతి చెప్పినంత మామూలుగా. కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది.

సంచి మొత్తం తెమ్మన్నాను, పసుపు రంగు బట్టల షాపు సంచి. అందులో చెప్పిన రెండు మందులతో పాటు అల్ప్రజోలం స్ట్రిప్పులు, ప్రీగాబాలిన్ క్యాప్సూళ్లు, అల్ట్రాసెట్, డోలో 650, పాంటోప్రజోల్, దగ్గు సిరప్ ఒకటి, జిందా తిలిస్మాత్ సీసా ఉన్నాయి. డోలో రోజుకి రెండో మూడో వేసుకుంటున్నారు, ఒళ్లు వెచ్చగా ఉందని. ఆక్సికోడోన్ మాత్రలోనూ అల్ట్రాసెట్‌లోనూ పారాసెటమాల్ ఉందని ఎవరికీ తెలియదు. అదృష్టం, లెక్క కడితే రోజుకి నాలుగు గ్రాముల హద్దు దాటలేదు, లివర్ పరీక్షలు బాగానే వచ్చాయి.

రక్తపరీక్షలో ఇంకోటి బయటపడింది. షుగర్ ఏళ్ల తరబడి ఉండటంతో కిడ్నీలు సగం సామర్థ్యంతో పనిచేస్తున్నాయి. ప్రీగాబాలిన్ దాదాపు అంతా కిడ్నీల ద్వారానే బయటికి పోయే మందు, అవి మందగిస్తే ఒంట్లో పేరుకుంటుంది. దీనికి తోడు ఆ గురక. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి నడిచే జబ్బు, ఉందేమో అని ఎప్పుడూ ఎవరూ పరీక్ష చేయించలేదు.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. ఓపియాయిడ్లు రెండు రకాలు, బెంజోడయజెపీన్ (అల్ప్రజోలం జాతి నిద్రమందు) ఒకటి, గాబాపెంటినాయిడ్ (ప్రీగాబాలిన్ జాతి నరాల మందు) ఒకటి, సరిగా పనిచేయని కిడ్నీ, నిద్రలో మామూలుగానే ఆగి ఆగి నడిచే ఊపిరి. విడివిడిగా చూస్తే ఏ డోసూ ప్రమాదకరం కాదు. ఓపియాయిడ్‌తో బెంజోడయజెపీన్ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే లేబుళ్ల మీద అన్నిటికంటే గట్టిదైన నల్ల బాక్సు హెచ్చరిక పెట్టించింది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌ల గురించి, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ల విషయంలో, 2019 డిసెంబర్‌లో హెచ్చరించింది. అంటే ఇందులో సైన్సుకి తెలియనిది ఏమీ లేదు. రాసిన డాక్టర్‌కి, ఇచ్చిన ఫార్మసీకి అల్ప్రజోలం, ప్రీగాబాలిన్, అల్ట్రాసెట్ ఉన్నాయన్న సంగతే తెలియదు.

కాపలాలన్నీ ఉన్నా ఎలా దాటింది

నార్త్ కరొలైనా ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చున్న రాష్ట్రం కాదు. నియంత్రిత మందులు ఎవరు ఎక్కడ కొన్నారో చూపించే డేటాబేస్ 2007 నుంచి ఉంది. 2013లో గుడ్ సమారిటన్ చట్టం వచ్చింది, ఓవర్‌డోస్ అయినవారి కోసం 911 పిలిచినవాళ్లకి చిన్న మొత్తంలో డ్రగ్స్ దొరికినా కేసుల నుంచి కొంత రక్షణ ఇస్తుంది, నలోక్సోన్ వాడినవాళ్లకీ రక్షణ ఉంది. 2016 జూన్‌లో రాష్ట్ర హెల్త్ డైరెక్టర్ స్టాండింగ్ ఆర్డర్ ఇచ్చాక ఫార్మసిస్టులు ఎవరికైనా విడిగా ప్రిస్క్రిప్షన్ లేకుండానే నలోక్సోన్ ఇవ్వగలుగుతున్నాం. 2017 నాటి స్టాప్ చట్టం అప్పటికప్పుడు వచ్చిన నొప్పికి మొదటిసారి రాసే ఓపియాయిడ్‌ని ఐదు రోజులకి, ఆపరేషన్ తర్వాత అయితే ఏడు రోజులకి కట్టడి చేసింది.

మా పేషెంట్ విషయంలో ఇవన్నీ పాటించారు. ఐదు రోజులకే రాశారు. డేటాబేస్ చూశారు, అది ఖాళీగా ఉంది, ఎందుకంటే కరీంనగర్‌లో కొన్న అల్ప్రజోలం అందులో ఎలా కనబడుతుంది? రోజుకి 50 మార్ఫిన్ యూనిట్లు దాటితే నలోక్సోన్ కూడా ఇవ్వమని కంప్యూటర్ గుర్తుచేస్తుంది, ఈవిడది 30, అందుకని గుర్తుచేయలేదు. నిజానికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు నలోక్సోన్ ఇవ్వడానికి డోసు ఒక్కటే చూడమనలేదు. 65 దాటిన వయసు, పక్కన బెంజోడయజెపీన్, నిద్రలో ఊపిరి సమస్య, ఇవన్నీ కారణాలే అంటుంది. కంప్యూటర్‌లో పెట్టుకున్నది మాత్రం అంకె ఒక్కటే.

ఇక్కడ విల్క్స్ కౌంటీ గురించి చెప్పాలి. మా రాష్ట్రంలోనే, బ్లూ రిడ్జ్ కొండల కింద, సుమారు 70 వేల జనాభా ఉన్న పల్లెటూరి కౌంటీ. 2009లో అక్కడ లక్ష మందికి 46.6 ఓవర్‌డోస్ మరణాలు. వాటిలో ఎక్కువ భాగం వీధిలో కొన్న హెరాయిన్ వల్ల కాదు, నొప్పి మాత్రల వల్ల. ఫ్రెడ్ వెల్స్ బ్రేసన్ అని, చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే హాస్పిస్‌లో చాప్లిన్‌గా (మతగురువుగా) పనిచేసిన ఆయన, చావుకి దగ్గరైనవాళ్ల ఇళ్లలో నొప్పి మాత్రలు ఇంట్లోవాళ్ల చేతుల్లోకి పోవడం చూసి కదిలాడు. అలా మొదలైంది ప్రాజెక్ట్ లాజరస్. వాళ్లు చేసిన పనుల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది ఏంటంటే, నలోక్సోన్‌ని వ్యసనం ఉన్నవాళ్ల మందుగా మాత్రమే చూడకుండా, ప్రమాదం ఉన్న నొప్పి పేషెంట్లకి డాక్టర్ దగ్గరే మాత్రలతో పాటు ఇవ్వడం మొదలుపెట్టారు. డాక్టర్లకి శిక్షణ, ఎమర్జెన్సీ విభాగంలో నియమాలు, చర్చిల్లో, స్కూళ్లలో మాటలు, మిగిలిన మాత్రలు పడేయడానికి డబ్బాలు, అన్నీ ఒకేసారి నడిపారు. 2010కి మరణాల రేటు 29.0కి దిగింది. ఒక్క కౌంటీ లెక్కే కదా అనేవాళ్లకి మసాచుసెట్స్ ఉంది. 2006 నుంచి 2009 దాకా 19 ఊళ్లలో 2,912 మందికి శిక్షణ ఇచ్చి నలోక్సోన్ పంచారు, 327 సార్లు దాన్ని వాడి మనుషుల్ని కాపాడే ప్రయత్నం చేశారు. శిక్షణ ఎక్కువమందికి చేరిన ఊళ్లలో ఓవర్‌డోస్ మరణాల రేటు, శిక్షణ లేని ఊళ్లతో పోలిస్తే, దాదాపు సగానికి దగ్గరగా ఉందని 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

విల్క్స్ వాళ్లు ఇంటింటి పరిస్థితి చూసి పథకం వేసుకున్నారు. మన ఇళ్ల పరిస్థితికి ఎవరూ వేయలేదు, ఎందుకంటే మన సూట్‌కేసుల్లో ఏముందో వాళ్లకి తెలియదు. అది చెప్పాల్సింది మనమే.

చికిత్స, ఇంటికి పంపడం

నొప్పికి అసిటమినోఫెన్ 650 ఆరు గంటలకొకసారి టైము ప్రకారం, చెయ్యి దిండు మీద ఎత్తి ఉంచడం, ఐస్. కిడ్నీల వల్ల ఐబుప్రొఫెన్ లాంటివి వద్దన్నాం. నమ్మండి, మూడో రోజుకి నొప్పి ఓర్చుకోగలిగే స్థాయికి వచ్చింది. ప్రీగాబాలిన్ డోసు కిడ్నీకి తగ్గట్టు తగ్గించాం. అల్ట్రాసెట్, మిగిలిన ఆక్సికోడోన్ రెండూ ఆసుపత్రి ఫార్మసీలో ఉండే డ్రాప్ డబ్బాలో వేయించాం.

అల్ప్రజోలం మీద ఒక గట్టి చర్చ జరిగింది. కూతురు భయంతో 'ఇవాళ్టి నుంచే మానిపించేయండి' అంది. ఆ మాట వింటే నాకు ఓవర్‌డోస్ అంత భయం వేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ వాడిన బెంజోడయజెపీన్‌ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పోవడం ఒక్కటే కాదు, ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు అవ్వచ్చు. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఒక్కసారిగా సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులకి జనం వింత ప్రవర్తనతో, వణుకుతో, ఫిట్స్‌తో వచ్చారు కదా, ఆ కల్లులో కలిపేవాటిలో అల్ప్రజోలం, డయజెపాం ఉంటాయి. కరీంనగర్ మనిషి కాబట్టి ఈ ఉదాహరణ చెప్పగానే ఆవిడకి చటుక్కున అర్థమైంది, మా చుట్టాల్లోనే చూశానన్నారు. కాబట్టి ఓపియాయిడ్ పూర్తిగా ఒంట్లోంచి పోయాక అల్ప్రజోలం మళ్లీ మొదలుపెట్టి, ఊళ్లో డాక్టర్‌తో మాట్లాడి, నెలల మీద నిదానంగా తగ్గించే ప్లాన్ రాసిచ్చాం.

నలోక్సోన్ అల్ప్రజోలం మీద పనిచేయదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. ఊపిరి వచ్చింది, మెలకువ రాలేదు, ఎందుకంటే స్ప్రే ఓపియాయిడ్‌ని మాత్రమే పక్కకి నెట్టింది. ఇది తెలియని ఇంట్లోవాళ్లు మనిషి లేవట్లేదని ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ ఉంటారు. చూడాల్సింది ఊపిరి. ఊపిరి రాకపోతే రెండు మూడు నిమిషాలకి రెండోది ఇంకో ముక్కులో కొట్టాలి, ఈలోగా 911 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు నోటితో ఊపిరి ఇవ్వడమో, ఛాతీ నొక్కడమో చేయాలి. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి అయితే గొంతుకి అడ్డం పడకుండా. కారణం ఓపియాయిడ్ కాకపోయినా స్ప్రే వల్ల నష్టం ఏమీ ఉండదు, అందుకని అనుమానం ఉంటే కొట్టేయడమే.

గుడిలో

డిశ్చార్జ్ అయిన కొన్ని వారాలకి మా ఊరి గుడిలో జరిగే హెల్త్ క్యాంపులో బీపీ, షుగర్ పరీక్షల పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చున్నాను, మందుల సంచి తెచ్చుకోండి అని ముందే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి. విల్క్స్ వాళ్లు చర్చికి వెళ్లారు, నేను గుడికి వెళ్లాను. మందులన్నీ కాగితం మీద రాసిచ్చాను, కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు, డోసు, వేసుకునే వేళ. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పర్సులోంచి తీసి చూపించమని. నిద్రమాత్రలు వచ్చిన సంచులు నేను అనుకున్నదానికంటే ఎక్కువ. కొన్నింటిలో ఎటిజోలాం ఉంది, ఇండియాలో మామూలుగా రాసేదే, కానీ అమెరికాలో దానికి అనుమతి లేదు, పైగా 2023 జులైలో డ్రగ్స్ నియంత్రణ సంస్థ డీఈఏ దాన్ని అన్నిటికంటే కఠినమైన జాబితా షెడ్యూల్ 1లో పెట్టింది. అది వాడేవాళ్లు ప్రయాణానికి ముందే తమ డాక్టర్‌తో మాట్లాడి వేరే దారి చూసుకోవాలి. నేరుగా ఆపేయకూడదు.

నలోక్సోన్ డబ్బా చూపించగానే మొహాలు మారిపోయాయి. 'మా అమ్మేమన్నా డ్రగ్స్ తీసుకుంటుందా అండీ?' అని ఒకాయన నొచ్చుకున్నారు. నేను వాదించలేదు. పేర్లు లేకుండా ఈ కేసు చెప్పాను. ఇంట్లో ఆపరేషన్ అయినవాళ్లు ఓపియాయిడ్ వాడుతున్నారా, ఆ ఇంట్లో డబ్బా ఉండాలి. 2023 మార్చిలో ఎఫ్‌డీఏ నార్కాన్ (నలోక్సోన్) స్ప్రేని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఒప్పుకుంది, 2023లో అలా అమ్మకానికి వచ్చినప్పుడు రెండు స్ప్రేల డబ్బా సుమారు 45 డాలర్లు, చాలా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లలో ఉచితంగానే ఇస్తారు. కాలేజీ పిల్లలున్న తల్లిదండ్రులకి ఇంకో మాట చెప్పాను. ఫోన్ యాప్‌లో ఎవరో అమ్మే మాత్ర అచ్చం ఫార్మసీ మాత్రలాగే ఉంటుంది, లోపల ఫెంటానిల్ అనే చాలా ఘాటైన ఓపియాయిడ్ ఉండొచ్చు, పరీక్షల ముందు నిద్ర పట్టక తెలిసినవాడి దగ్గర ఒకటి తీసుకున్న పిల్లాడికి అదే మొదటిదీ చివరిదీ కావచ్చు. దేశం మొత్తం మీద 2022లో దాదాపు 1,08,000 మంది ఓవర్‌డోస్‌తో పోయారు. 2024కి అది 80,000 దగ్గరికి దిగింది, అందులో నలోక్సోన్ విస్తారంగా చేరడం పాత్ర ఉందని ఈ రంగంలో చాలామంది నమ్మకం, నాదీ అదే. 80,000 చిన్న అంకె కాదు.

వీసా భయం గురించి బల్ల దగ్గర చాలామంది అడిగారు. డాక్టర్ రాసిన మందు డాక్టర్ రాసిన మనిషే వేసుకుని ప్రమాదం అయితే అందులో నేరం ఏముంది? 911 పిలవండి. గుడ్ సమారిటన్ రక్షణ రాష్ట్ర చట్టం కాబట్టి ఇమిగ్రేషన్ సంగతులు దాని పరిధిలోకి రావు, ఆ ప్రశ్న ఉన్నవాళ్లు లాయర్‌ని అడగండి, కానీ అడగడం మర్నాడు. ఆ రాత్రి మాత్రం ఫోన్ 911కే.

ఆవిడ ఊరికి తిరిగి వెళ్లారు. ఊళ్లో డాక్టర్ ప్లాన్‌కి ఒప్పుకున్నారు, అల్ప్రజోలం ఇప్పుడు 0.25కి వచ్చింది, నిద్ర ముందు కొన్నాళ్లు బాగా చెడింది, ఇప్పుడు పర్వాలేదంటున్నారు. స్లీప్ అప్నియా పరీక్ష ఇంకా చేయించలేదు, కూతురు వెంటపడుతోంది.

మా ఆసుపత్రిలో అడ్మిషన్ ఫారంలో 'వేరే దేశం నుంచి తెచ్చుకున్న మందులు ఏమైనా ఉన్నాయా, రాత్రి పడుకునే ముందు ఏం వేసుకుంటారు' అన్న ప్రశ్న చేర్చారు, ఇంట్లోవాళ్లతో కాకుండా దుబాసీతో పేషెంట్‌నే అడగాలని రాశారు. మిగిలిపోయింది ఏంటంటే, ఇక్కడ అమ్మని మందులు సిస్టమ్ జాబితాలో ఉండవు కాబట్టి వాటిని నోట్‌లా టైప్ చేయాల్సి వస్తుంది, అలా టైప్ చేసినదానికి ఇంటరాక్షన్ అలర్ట్, అంటే ఈ మందు ఆ మందుతో పడదన్న హెచ్చరిక, రాదు. ఐటీ వాళ్లకి అభ్యర్థన పెట్టాను, అది వచ్చేదాకా అలాంటి ప్రతి పేషెంట్ జాబితా ఫార్మసిస్టు చేత్తో చూసి సంతకం పెట్టాలని మా విభాగంలో నియమం పెట్టుకున్నాం.